కడబంతి

లియెపాయాలో ట్రామ్‌కి ఒక్కటే దారి.
పొద్దంతా ఆ పట్టాల మీదే పోయి, వచ్చి,
రాత్రి తొమ్మిదికి బూట్లు విప్పి
నేనొక లోకాన్ని వరసలో పెడతాను.

రెండు వందల పద్నాలుగు మాడ్‌లు.
నవంబరులో మొదలుపెట్టాను.
ఆట మాత్రం ఇంకా మొదలవలేదు.

ముందు వాన కోసం వెతికాను.
ఆటతో వచ్చిన వాన కుళాయి నీళ్లలా నిలువుగా పడుతుంది;
బాల్టిక్ గాలి తిని పెరిగినదాన్ని, నాకానదు.
అడ్డంగా కొట్టే వానను దించుకున్నాను.
అది ఇళ్లలోపల కూడా కురిసింది.
సత్రంలో రొట్టె నానింది, రాజుగారి పరుపు నానింది.
కప్పులు నేసే మాడ్ ఇంకొకటి తెచ్చాను.
ఆ కప్పులకి పొగగొట్టాలు లేవు.
పొగగొట్టాలకి ఇంకొకటి, దాని కింద ఆసరాకి మరేదో.
ఆ మరేదో రాసినవాడు ఆరేళ్ల కిందట
"ఇక నా వల్ల కాదు, క్షమించండి" అని వెళ్లిపోయాడు.
సగం లోకం ఇప్పటికీ అతని భుజమ్మీదే నిలబడి ఉంది.

వరసే అంతా.
విందులో కడబంతికి మిగిలేది అడుగూ బొడుగూ;
ఇక్కడ కడబంతిలో కూర్చున్నవాడిదే చివరి మాట.
ముందొచ్చినవాళ్లు ఎంత అడవి నాటినా
వెనకొచ్చినవాడు మంచంటే మంచే.

"ఎప్పుడాడతావమ్మా?" అంది దార్తా, తొమ్మిదేళ్లది.
"ఇల్లు సర్దుకున్నాక."
అది వంటింటి తొట్టెలోని గిన్నెల వంక చూసి
ఏమీ అనకుండా పోయి పడుకుంది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి అన్నీ కుదిరాయి.
నా మనిషి, చవక తోలు బూట్లూ చేతిలో గొడ్డలీ,
నది దాకా నడిచింది.
వంతెన మీద కాలు పెట్టింది.
తెర నల్లబడింది.
మళ్లీ.
మళ్లీ.

సగం తీసి చూడటం ఒక్కటే వైద్యం.
నూట ఏడు. యాభై మూడు. ఇరవై ఆరు.
డిపోలో గుంటిస్ తెగిన తీగను పట్టుకునేదీ ఇలాగే,
తిట్లు మాత్రం అదనం.
పదమూడు. ఆరు. మూడు.

తెల్లారగట్ల రెండు మిగిలాయి.
ఒకటి ఆ వంతెన: పదకొండు కమానులు,
రాయి రాయికీ చెక్కుడు, లక్షల మంది మెచ్చినది.
రెండోది ఓ చిటికెడు.
అవతలి గట్టున జాలరి గుడిసె, కిటికీలో దీపం.
చేసినవాళ్లు రాసుకున్నది ఒక్క ముక్క:
"చీకట్లో అక్కడ ఏదో వెలితిగా అనిపించింది."
దించుకున్నవాళ్లు నలభై ఒక్కరు. నేను నలభై రెండు.

వంతెన చివరి స్తంభం సరిగ్గా ఆ కిటికీలోంచే దిగుతోంది.
ఎవరిని కడబంతిలో కూర్చోబెట్టినా అంతే,
ఒక ఒరలో రెండు కత్తులు.

ఎవరినడిగినా దీపం తీసెయ్యమంటారు.
నేనూ ఇంకొకరికైతే అదే చెబుదును.
బొత్తాం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.
బయట మొదటి ట్రామ్ గంట కొట్టింది,
ఇవాళ అది స్కైద్రీతె వంతు.

వంతెన తీసేశాను.

బాట వచ్చి నీళ్ల దగ్గర ఆగిపోయింది.
బరువని గొడ్డలి గట్టున పారేసి
నా మనిషి నదిలోకి దిగింది.
వాన అడ్డంగా, బుద్ధిగా, బయటే కురుస్తోంది.

"ఆడుతున్నావా?" నిద్రమొహంతో దార్తా.
"ఈదుతున్నా."
జరుగు జరుగంటూ కుర్చీలో సగం లాక్కుంది.
కాసేపు చూసి,
"బూట్లతో ఈదుతారా ఎవరైనా?" అంది.