మడతపేచీ

నవంబరు మూడో శనివారం. విస్కాన్సిన్.
మేత మిల్లు పక్కన రేకుల షెడ్డు.
ముందు మంచు, వెనక హీటరు,
చేతులకి రెండు జతల గ్లవ్స్.
ట్రక్కులు వరసకట్టాయి.
నారింజ రంగు కోట్లు, ఫ్లాస్కుల్లో కాఫీ,
నల్ల సంచుల్లో జింక తలలు.

తల ఒక్కటి చాలు నాకు.
దవడ కింద కత్తి ఆనించి
గొంతు మలుపు దాకా తెరిస్తే
చిక్కుడు గింజకన్నా కాస్త పెద్దవి, రెండు గ్రంథులు.
అవి సీసాలోకి. సీసా మీద అంకె.
అదే అంకె ఉన్న చీటీ ముక్క వాళ్ళ జేబులోకి.
పన్నెండేళ్ళుగా ఇదే పని.
అంతకు ముందు బడి బస్సు నడిపేదాన్ని.
ఈ గడ్డాల వాళ్ళలో సగం మందిని
అల్లరి చేస్తే ముందు సీట్లో కూర్చోబెట్టినదాన్నే.

"మార్లిస్, బాగా ఉడికిస్తే పోదా?"
పోదు.
వేయించినా, పొగబెట్టినా,
మూడేళ్ళు ఫ్రీజర్లో మూసిపెట్టినా పోదు.
చావాలంటే ముందు బతికి ఉండాలి కదా.
పురుగు కాదు, క్రిమి కాదు.
ఒంట్లో ఎప్పుడూ ఉండేదే, ఒక మాంసకృత్తు,
మడత తప్పింది. అంతే.
మా అమ్మ దుప్పట్లు మడిచేటప్పుడు
ఒక కొస నాకిచ్చేది.
నేను వంకరగా పట్టుకుంటే
అవతల ఆవిడ ఎంత తిన్నగా పట్టుకున్నా
దుప్పటంతా వంకరే.
ఇదీ అలాంటి మడతపేచీ.
కాకపోతే ఇక్కడ విదిలించి మళ్ళీ మొదలుపెట్టడం
ఉండదు.

నా ఫ్రీజర్ సంగతి ఎవరూ అడగరు.
మా వెండెల్ తన జింకని
ఒక్కసారీ నా షెడ్డుకి తేలేదు.
"తెలిస్తే తినలేను, తినకుండా ఉండలేను" అనేవాడు.
పోయింది గుండెపోటుతోనే.
అయినా ఆ చివరి ఏడాది
తాళంచెవులు ఎక్కడ పెట్టాడో మరిచిపోయినప్పుడల్లా
పొయ్యి దగ్గర నిలబడి
పైకి అనకుండా లెక్కపెట్టుకునేదాన్ని,
ఎన్ని శీతాకాలాలు, ఎన్ని పళ్ళేలు.

బ్రెక్కె వాళ్ళ పిల్ల లీనియా,
పన్నెండేళ్ళది, తొలి వేట.
సంచి నాన్నకివ్వకుండా తనే మోసుకొచ్చింది.
"చూడ్డానికి బాగానే ఉంది కదా?"
బాగానే ఉంది. బొచ్చు నిగనిగలాడుతోంది.
చాలావాటికి అలాగే ఉంటుంది.
"దానికి తెలుసంటావా?"
తెలీదన్నాను.
నాకెలా తెలుసని అడగలేదు, బతికిపోయాను.

పదకొండు రోజులకి ఫలితం.
కాగితం రెండే మాటలు మాట్లాడుతుంది:
కనబడింది, కనబడలేదు.
'లేదు' అని మాత్రం ఎన్నడూ అనదు.
జనం ఆ 'కనబడలేదు'లో
చివరి రెండక్షరాలే తుంచుకుని
సంతోషంగా ఇంటికి పోతారు.

లీనియా అంకెకి ఎదురుగా 'కనబడింది'.
ఫోన్ చేశాను.
అవతల గిన్నెలు కడిగే చప్పుడు ఆగింది.
"ఒక ప్యాకెట్ తినేశాం" అన్నాడు డ్వేన్.
"ఆ రాత్రే. ఉల్లిపాయలూ, వెన్నా వేసి.
మొదటి ముక్క దానికే పెట్టాను."
కాగితంలో ఉన్నది చదివాను:
మనిషికి సోకినట్టు ఇప్పటివరకు ఆధారం లేదు,
తినొద్దని మాత్రం సలహా.
'ఇప్పటివరకు' దగ్గర నా గొంతు
మంచు మీద టైరులా కాస్త జారింది.
విన్నాడో లేదో.

మర్నాడు మాంసం పారేయడానికి తనే వచ్చింది.
ఇరవై ఆరు తెల్ల కాగితం పొట్లాలు.
ఒక్కోదాని మీద తన గుండ్రటి చేతిరాత:
సూప్‌కి. క్రిస్మస్‌కి. తాతకి.
తాతది కాసేపు చేతిలోనే ఉంచుకుంది.
తర్వాత అదీ డబ్బాలో పడింది,
రాయి పడ్డ చప్పుడు.

వెళ్ళబోతూ వెనక్కి తిరిగి
గ్లవ్ తీసి
దవడ కింద రెండు వేళ్ళు పెట్టుకుని అడిగింది:
"మార్లిస్, నాకైతే ఇక్కడేనా చూసేది?"

పన్నెండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.
ఎర్రబడ్డ ఆ చెవుల మీదికి
టోపీ కిందికి లాగాను.
వెనక ట్రక్కు హారన్ కొట్టింది.
ఇంకోసారి కొట్టింది.