పఘ్

బ్రెమెన్‌లో వాన. బీరుకొట్టు వెనకగదిలో
శనివారం క్లింగాన్ పాఠం.
అన్‌స్గార్ రెండు కప్పులు పెట్టాడు.
"టీ, కాఫీ, ఘప్."
రెండు పేర్లూ పలికాకే వస్తుందట ఆ "లేదా".
రెండూ కంటబడ్డాక ఒక్కటే దక్కుతుంది.

"జోక్" అంటే హాస్యం కాదు,
ఒకటైనా సరే, రెండైనా సరే.
వీబ్‌కె జోక్ అంది.
"యుద్ధవీరుల భాషలో ఇంత మొహమాటమా?
మష్ అను. ఏది ఇష్టమో తేల్చు."

కుర్చీ కింద ఆమె పెట్టె,
జేబులో ల్యూబెక్ టికెట్టు.
గొంతు గరగరలాడించి, తడబడకుండా,
"ఉంటాను, పఘ్, వెళతాను."

వాక్యాల నడుమ "లేదా" పఘ్.
సున్నాకీ అదే మాట.

తప్పేం లేదు. అయినా
సుద్దముక్క ఎత్తాడు, బోర్డుకి ఆనించలేదు.
"లేదా అనా? సున్నా అనా?"

చలికోటు గుండీలు పెట్టుకుంటూ
"జోక్" అంది.