ఊదకండి

సావో పాలోలో వాన పడుతున్న మంగళవారం.
సాంతా ఇఫిజేనియా వీధిలో, మెట్ల కింద
రెండు మంచాలంత చోటు నా కొట్టు.
గోడ మీద ఒకటే బోర్డు: "ఊదకండి."
చదివిన ప్రతివాళ్ళూ ముందు నవ్వుతారు.

మార్లూసీ నవ్వలేదు.
సంచీలోంచి గేమ్ పెట్టె తీసి
పసిబిడ్డని తూకానికి పెట్టినట్టు బల్ల మీద పెట్టింది.
ముప్పై ఏళ్ళు రొట్టెల బట్టీ పైన, అటక మీద ఉందట.
నల్లగా ఉండాల్సింది పిండి రంగులో ఉంది.

"ఒకసారి ప్లగ్ పెట్టి చూద్దామా?"
అప్పుడేనా!
ఎన్నేళ్ళు పక్కన పడున్నా
తెరిచేముందు కాసేపు ఆగడం నా అలవాటు,
అలిగిన మనిషి దగ్గర ఆగినట్టు.
కాఫీ తాగాం.
ఇనుప బీరువాని ముట్టుకుని
నా ఒంట్లో మెరుపు దించుకున్నాను.

ఆరు స్క్రూలుండాలి. ఐదే ఉన్నాయి.
ఆరోదాని సంగతి ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

లోపల గోధుమపిండి,
చక్కెర కరిగి గడ్డకట్టిన జిగురు,
కాళ్ళు ముడుచుకున్న పురుగొకటి,
పిల్లి వెంట్రుకలు
(వాళ్ళింట్లో ఎప్పుడూ పిల్లే లేదట).

వాక్యూమ్ క్లీనర్ తెస్తానంది. వద్దన్నాను.
అది రేపే చిటుకు మన చెవికి వినబడదు,
చిప్‌కి వినబడుతుంది.
మేకవెంట్రుకల బ్రష్ చాలు,
మా అత్త పౌడరు డబ్బాలోంచి కొట్టేసింది.
లోపలి మూల నుంచి బయటికి, ఒకే వైపు,
నిద్రపోతున్నవాళ్ళ పక్కన ఊడ్చినట్టు.
ఆ తర్వాతే గాలి డబ్బా, నిలువుగా పట్టుకుని,
పొట్టి పొట్టి విసుర్లు.
వంచితే మంచు కక్కుతుంది.

ఆఖర్న కార్ట్రిడ్జ్.
అంచున వరసగా రాగి పళ్ళు, పాచి పట్టి.
"ఇదేంటి, ఇంత పచ్చగా?"
మీ ఊపిరి, అన్నాను.
ఉఫ్‌మన్నప్పుడల్లా దుమ్ము పోయిందనుకున్నారు.
తడి మిగిలింది.

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
"నేను. జాండిరా. పెద్దాడు ఎవాల్డో.
సెవెరీనో ఊదేవాడు కాదు, వాడికి ఆయాసం.
మేం ఆడినంతసేపూ
వెనకాల వైరు కదలకుండా పట్టుకుని కూర్చునేవాడు.
వాడి వంతు వచ్చేసరికి అమ్మ పిలిచేది."

దూదిపుల్లని ఆల్కహాల్లో ముంచాను,
మందుల షాపుది కాదు, నీళ్ళు కలవనిది.
మొదటి పుల్ల పచ్చబడింది. రెండోదీ.
పదకొండోది తెల్లగా వచ్చింది.
ఆమె ఆ పుల్లల్నే చూస్తూంది.
నేను బుట్టలోకి తోసేశాను.

అరగంట ఆరనిచ్చి, మూత బిగించి, స్విచ్ వేశాం.
తెర నీలమైంది.
అంతే, నీలమే.

ఇద్దరం ఒకేసారి కార్ట్రిడ్జ్ మీదికి ఒంగాం,
పెదాలు సున్నా చుట్టి,
బోర్డు గుర్తొచ్చి ఆగాం.

మార్లూసీ పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి
వైరుని రవ్వంత పైకెత్తి పట్టుకుంది.
బొమ్మ వచ్చింది.

వైరు మారిస్తే ఇరవై రియాలు, అన్నాను.
చెయ్యి తియ్యకుండానే
వద్దంది.