ఊలప్ప, ఆస్తి

కృష్ణపట్నంలో మూడో నంబరు జెండా ఎగరేశారు.
పడవలన్నీ జువ్వలదిన్నె ఒడ్డునే.
వేటలేని మొగోడు ఇంట్లో ఉండి ఏం చేస్తాడు?
కూతురికి పడవ చేస్తాడు.

ఎనిమిదో తరగతి మా చెంగాలుకి
ఈసారి రెండు ప్రాజెక్టులు.
సోషలుకి వైకింగులు.
సైన్సుకి ఎలుకలు. బొమ్మలు కాదు, బతికినవి, తెల్లవి,
కావలి ట్రంకు రోడ్డులో రంగుచేపలమ్మే కొట్లో
జత నూట అరవై.
వలల్ని కొరికి పీచు చేసే జాతిని
చేతి డబ్బులిచ్చి నేనే ఇంటికి పిలుచుకొచ్చా.
మా ఆడమనిషి మూడు రోజులు మాట్లాడలా.

ఊల్ఫ్ అని ఒకదానికి, ఆస్ట్రిడ్ అని ఇంకోదానికి
పేర్లు పెట్టింది. వైకింగుల పేర్లంట.
నా నోటికి ఊలప్ప, ఆస్తి.
పోన్లే, ఆస్తి అని చెప్పుకోను
మా ఇంట్లో ఒకటుందిప్పుడు.

పగిలిన ఐసుపెట్టె వాటి ఇల్లు, మూతకి ఇనప జల్లెడ,
కింద రంపప్పొట్టు.
ఎన్ని జొన్నలు తిన్నాయి, ఎప్పుడు పడుకున్నాయి,
తోక ఎంత పెరిగింది,
స్కేలు పెట్టి గీతలు కొట్టి రాస్తది.
నేనెప్పుడు తిన్నానో ఈ ఇంట్లో ఎవురూ రాయలా.

పడవకి గూడూరు నిమ్మకాయల పెట్టె విప్పా.
ఇరవై ఏళ్ళుగా ఫైబరుకి అతుకులేసే చెయ్యి,
చెక్క వాసన తగలంగానే
బాడిస కోసం అటకంతా తడిమింది.
"అంచుకి అంచు ఆనించబాక నాయనా,
పలక మీద పలక ఎక్కాల, చేప పొలుసు మాదిరి."
పొలుసు సంగతి నాకు చెప్తా ఉంది!
ఎక్కించా.
తొట్లో వదిలితే, నిజమే, చుక్క నీళ్ళు దిగలా.
నా ఎర్రగళ్ళ లుంగీ తెరచాపైంది.

నేను మేకులు కొడతా ఉంటే చదివి వినిపించింది.
వాళ్ళు ఊళ్ళు దోచారంట, తగలబెట్టారంట.
చేపల్ని దండేల మీద ఎండేసి
దేశాలెంబడి అమ్ముకున్నారంట కూడా.
"మరి ఎండుచేపలోళ్ళు అని ఎందుకు చెప్పుకోరు?"
కంపు కదమ్మా, అన్నా.

జెండా దిగని నాలుగోరోజు పడవని బడికి తీసకపోయింది.
సోషలు సారు లోపలి బొమ్మల్ని చూసి
టోపీలకి కొమ్ములేవీ అన్నాడు.
వాళ్ళకి కొమ్ముల్లేవు సార్,
తర్వాతెప్పుడో నాటకాలోళ్ళు తగిలించారు అంది.
"నీకేమన్నా కొమ్ములొచ్చాయా?"
రెండు మార్కులు పోయాయి.
ఏడవకుండా ఇంటికొచ్చి, జల్లెడ మీద పడవ పెట్టి,
అన్నం వద్దని పడుకుంది.

ఆ రాత్రే ఆస్తి పెరిగింది.
తొమ్మిది పిల్లలు, వేరుశనగ గింజలంత,
ఎర్రగా, కళ్ళు తెరవకుండా.
పక్కకి గుడ్డ కావాల్సొచ్చి
జల్లెడ కన్నాల్లోంచి తెరచాప సగం లాక్కున్నాయి.
అప్పుడు నవ్వింది మా పిల్ల.

నవ్వుతానే చెప్పింది:
ఆ పడవల్లో గింజల మూటలతో పాటు
ఎలుకలూ సముద్రం దాటాయంట.
మనుషులు ఏ దీవిలో దిగారో, ఎక్కణ్ణించి వచ్చారో
రాతలు దొరకని చోట
ఆ దీవి ఎలుకల ఒంట్లో వెతికి
ఇప్పుడు కనిపెడతా ఉన్నారంట.

నేను వాసాల్లోకి చూస్తా పడుకున్నా.
మా పెద్దోళ్ళు దక్షిణాన్నించి
ఒడ్డెంబడే వచ్చారంటారు.
ఏ ఊరంటే ఎవురికీ తెలీదు.
కోపమొస్తే మా నాయన అరవంలో తిట్టేవోడు,
ఉన్న ఆధారం అదొక్కటే.
పైన ఏదో గీరతా ఉంది.
దాన్నడగాల.

జెండా దించారు.
రాత్రి రెండింటికి ఇంజను తిప్పాం.
ఒడ్డు దీపాలు మునిగినాక
బియ్యం డబ్బా ఎనక చప్పుడు.
టార్చి కొడితే రెండు చిన్న కళ్ళు.
శీనయ్య తెడ్డెత్తాడు.
వద్దన్నా.

పేరైతే పెట్టలా.