ఫాల్సు కింది రంగు

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే సందులో
ఆరడుగుల అంగడి నాది.
దస్తగిరి మ్యాచింగ్ సెంటర్.
బోర్డు మీద నా పేరులో గుడి
పోయినేడు వానకు కొట్టకపోయింది.
ముందర గుడ్డలు, వెనక పొయ్యి,
పొయ్యి మీద మసి పట్టిన సిల్వరు బోగాణి.
అందులో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉడుకుతా ఉంటాది.

మొన్న కంపెనీ పిల్లోడు వచ్చినాడు.
మూడు వందల రంగుల అట్ట తెచ్చినాడు.
ఒక్కో రంగుకు ఒక్కో నంబరు,
ఆసుపత్రిలో మంచాలకు మాదిరి.
"ఇది చూసి కలుపన్నా, తప్పు రాదు" అన్నాడు.
టీ తాపించి పంపించినా.
గాలికి తలుపు కొట్టుకోకుండా
ఆ అట్ట బాగా పనికొస్తాంది.

నా లెక్క వేరే.
పాత అప్పుల పుస్తకం, వెనకనుంచి తిప్పితే రంగులు.
ఉల్లిగడ్డ పొట్టు, బస్తా అడుగున మిగిలింది.
జొన్నరొట్టె మీద పెనం పెట్టిన మచ్చ.
ఈరన్న టీ వడగట్టే గుడ్డ,
సోమవారంది కాదు, శనివారంది.
ఖాజాబీకి కోపమొచ్చినప్పుడు చెవి కొన
(ఇది ఆమెకు చదివి వినిపించలేదు).
డీజిలు కారిన గుంతలో నడిమధ్య నీలం,
లారీ కదిలితే ఉండదు, తొందరగా చూసుకోవాల.

పని లేదు గదా అని కూర్చుంటే ఒక్కటీ రాదు.
చిల్లర ఎంచేటప్పుడు వస్తాది,
కరెంటు పోయి గుడ్డల మధ్య తడుముకునేటప్పుడు,
ఎవరో బేరమాడతా ఉంటే
వాళ్ళ భుజం మీదుగా వీధిలోకి చూసేటప్పుడు.

ఉరుకుందమ్మ వచ్చింది పోయిన బేస్తవారం.
మిరపకాయల కూలికి పోతాది.
చీర చంకలో పెట్టుకొచ్చింది, రైక చినిగిపోయిందంట,
దీనికి సరిపోయే గుడ్డ కావాలంట.
చీర చూసినా. ఎరుపు కాదు, ఇటిక కాదు,
కడిగిన కుండ కాదు. ఏ పేరుకూ అందల్యా.
అంచు దగ్గర ఫాల్సు కుట్టు ఊడదీసినా.
దాని కింద, పండుమిరప మాదిరి,
కొన్ననాటి రంగు
కండ్లు మూసుకొని పడుకోనుండాది.

"ఏది కావాలమ్మా, అప్పటిదా ఇప్పటిదా?"
చాలాసేపు చూసింది రెండూ.
"అప్పటిది అంగడోనిది.
ఇప్పటిది నేను చేసుకున్నది,
ఏడేండ్లు ఎండలో నిలబడి.
ఇదే కావాల."

మూడు దినాలు పట్టింది.
ఒకసారి ముంచితే పెండ్లికూతురు,
ఇంకోసారి ముంచితే బురద.
నల్లపొడి చిటికెడు వేస్తే
గుడ్డ ఏడ్చిన మొగమైంది.
విసుగొచ్చి గడప మీద కూర్చున్నా.
సందు మలుపులో పత్తి లారీ ఆగింది,
వెనక ఎర్రలైటు వెలిగింది.
లైటు మీద మందంగా దుమ్ము.
ఎరుపు పోలేదు, లోపల్నే ఉండాది,
దుమ్ములో నుంచి వస్తాంది బయటికి.
డ్రైవరు బ్రేకు మీద కాలు తీసేదాక చూసినా.

ఎరుపును తగ్గించడం కాదు,
దాని మీద ఎండ వేయాల.
ఈరన్న దగ్గర లోటాడు డికాక్షను అడుక్కొచ్చినా,
"పాలు లేకుండా ఏం తాగుతావప్పా" అన్నాడు.
"నేను కాదు, గుడ్డ తాగుతాది."

తడి మీద రంగు అబద్ధమాడతాది.
మిద్దె మీద ఆరేసి, మధ్యాహ్నం దాకా ఆగి,
చీర పక్కన పెట్టి చూసినా.
దగ్గరికొచ్చింది గానీ కలవల్యా.
దాచేదేముంది, ఆమెకు చెప్పినా:
"వెంట్రుకంత తేడా ఉండాదమ్మా.
ఒక ఎండకాలం తొడుక్కో, కలిసిపోతాది."

గుడ్డను వెలుగుకు పట్టింది, మడిచింది,
కొంగుముడి విప్పింది.
"అరవై రూపాయలా? సగం పని నాదే గదన్నా,
ముప్పై తీసుకో."

నోట మాట రాలేదు నాకు.
ముప్పై తీసుకొని, పుస్తకం వెనకనుంచి తిప్పి
ఆ రంగుకు ఆమె పేరే రాసుకున్నా.
ఇంగ బోగాణి తోమాల.
పచ్చ లైనింగు ఒకటి నానతా ఉండాది,
చిలక పచ్చ కాదంట, వేప కాదంట,
"అదేదో నీకే తెలుస్తాదిలే" అని చెప్పి పోయింది
టీచరమ్మ.