పార్సిళ్ళ ద్వారం

చిన్నప్పుడు అమ్మ తిట్టేది,
దీని కాళ్ళలో చక్రాలున్నాయి, ఇంట్లో నిలవదని.
ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాను
దోరు నది మీది ఈ కొండ ఊళ్ళో.
అమ్మ మాట నిజమే అయింది,
కాస్త ఆలస్యంగా, కాస్త పక్కకు జరిగి.

నాకు తెలియని గడప లేదిక్కడ.
ఏ కుక్క ఊరికే అరుస్తుందో,
ఏది అరవకుండా కరుస్తుందో,
పెన్షను రోజు ఎవరు పొద్దున్నే కిటికీ పట్టుకుని నిలబడతారో,
అన్నీ తెలుసు.
మెట్లు మాత్రం ఎన్నడూ లెక్కపెట్టలేదు.
ఊపిరిని ఎవరు లెక్కపెడతారు?

వెన్ను దెబ్బతిన్న ఆ చలికాలం
ఆసుపత్రి నుంచి మూడో అంతస్తుకి
అరవై రెండు మెట్లు
ఫైరింజను కుర్రాళ్ళిద్దరు కుర్చీతో సహా మోశారు.
అందులో ఒకడి పరీక్ష ఫలితాలు
ఒకప్పుడు నేనే తెచ్చిచ్చాను.
చెమటలు కక్కుతూ "తేలికే, దోనా దెయోలిందా" అన్నాడు.
ఎంత బరువైన అబద్ధం, పాపం.
మళ్ళీ కిందికి దిగింది ఏప్రిల్‌లో.

ఇళ్ళ దళారి తెల్మూ ఫోన్లో
"ఒక్క మెట్టూ లేదు" అంటాడు.
వెళితే ఒకటుంటుంది.
"ఇదీ ఒక మెట్టేనా!" అంటాడు.
అబీలియు మాట్లాడడు,
జేబులోంచి టేపు తీస్తాడు.
పద్దెనిమిది సెంటీమీటర్లు.

ఒక ఇంట్లో నిమ్మచెట్టుంది, ఎండ ఉంది,
స్నానాలగదిలోకి కుర్చీ దూరుతుంది, తిరగదు.
రాజు ముందు నుంచి నౌకరులా
వెనక్కి వెనక్కి రావాలి.
ఇంకోచోట లిఫ్టుంది,
లిఫ్టు దాకా పోవడానికి మూడు మెట్లున్నాయి.
ఆ రోజు తెల్మూ కూడా నేల చూపులు చూశాడు.

రాత్రుళ్ళు నిద్ర పట్టక
సంచీ తగిలించుకుని మళ్ళీ డ్యూటీకి బయల్దేరతాను
పక్కమీద పడుకునే.
చర్చి వీధి: మూడేసి మెట్లు. కొట్టేశాను.
పీపాలవాళ్ళ వీధి: రెండు, రెండు, నాలుగు, రెండు.
మందుల షాపు పక్కిల్లు: బయట ఏమీ లేవు, లోపల గొయ్యి.
నా పిక్కలు ఇన్నేళ్ళూ దాచుకున్న లెక్కలు
ఒక్కొక్కటే అప్పజెబుతున్నాయి.

నాలుగింటికి సంచీ ఖాళీ అయింది.
అలవాటుగా పోస్టాఫీసు వైపు తిరిగాను.
ముందు ఏడు రాతిమెట్లు,
సర్కారు దగ్గరికి ఎక్కే రావాలి కదా.
వెనక,
వెనక ఏటవాలు!
పార్సిళ్ళ బండికని పోసిన సిమెంటు,
వానకు జారకుండా అడ్డగీతలు గీసి.
ఎన్ని వేలసార్లు తోశానో ఆ దారిన.
"అబీలియూ, లే" అన్నాను.

మూతపడి ఆరేళ్ళు,
అమ్మకం బోర్డు కూడా ఒక మేకుకే వేలాడుతోంది.
మనుషులకు ఏడు మెట్లు కట్టినవాళ్ళు
క్రిస్మస్ పెట్టెలకు, వైను సీసాలకు
ఎంత మెత్తటి దారి వేశారు!
కోపం వచ్చింది.
ఆ కోపంతోనే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కాను,
ఎవరూ తొయ్యకుండా, మధ్యలో రెండుసార్లు ఆగి.

అక్టోబరు నుంచీ ఇక్కడే ఉంటున్నాం.
గోడ ఒకటి పడగొట్టారు. మరుగుదొడ్డి పక్కన కడ్డీ బిగించారు.
సింకు కింద నా మోకాళ్ళకు చోటు వదిలారు,
మొదటిసారి మరీ దిగువకి పెట్టి, తిట్లు తిని.
స్విచ్చులన్నీ కిందికి దిగాయి,
చీకట్లో అబీలియు చెయ్యి ఇంకా
పాత ఎత్తులోనే గోడను తడుముకుంటుంది.
కిటికీలు ఎత్తులోనే ఉండిపోయాయి.
కూర్చుంటే నాకు ఆకాశం, ఒక కరెంటు తీగ.
డబ్బు చాలలేదు.

ఉత్తరాలు వేరుచేసే చెక్క అరలను
వంటింట్లోకి మార్చాం. వీధుల పేర్లు ఇంకా చెరగలేదు.
ఉప్పు చర్చి వీధిలో ఉంది,
చెంచాలు పీపాలవాళ్ళ వీధిలో.
కొండ పై వీధులు పై వరసలో ఉన్నాయి,
అవి నాకు అందవు.
చక్కెర అయిపోతే కేకేస్తాను,
"కోట వీధి దాకా ఎక్కి రా."
గొణుక్కుంటూ స్టూలు లాక్కుంటాడు.