కన్నం

ఇరవై రెండేళ్ళు
గాంధీనగర్‌లో ఒక టాకీసు బుకింగులో కూర్చున్నాను.
గోడకు జానెడు కన్నం.
మొహాలు కనబడవు. చేతులే వస్తాయి.

సున్నం ఆరని చేతులు,
అగరొత్తుల మసి వదలని శ్రీరాంపురం ఆడవాళ్ళ చేతులు,
వెనక ఎవరో తోస్తే మోచెయ్యి గీరుకుపోయి
ఆ నెత్తురుతోనే చిల్లర చాచే చెయ్యి,
"ఎరడు కొడి" అని కన్నడంలో మొదలెట్టి
పావలా తక్కువైతే తెలుగులోకి దిగే చెయ్యి.

శుక్రవారం పొద్దున మాత్రం
ఒక చెయ్యి తొందర లేకుండా వచ్చేది.
చిటికెన వేలికి రాగి చుట్టు. పిళ్ళప్పది.
దానికి లెక్కపెట్టి ఇచ్చేది లేదు,
కట్టకు కట్టే.
సాయంత్రం అదే చెయ్యి పక్కతలుపులోంచి వచ్చి
నా టిఫిన్ క్యారియర్ కింద పొట్లం పెట్టి పోయేది.
ఆ పొట్లాలతో హేమావతి ఫీజు కట్టాను.
ఇంటికి సిమెంటు రేకులు దించాను.
అబద్ధమెందుకు, ఒక ఏడాదంతా మైసూరుపాకు కూడా తిన్నాం.

దొంగ బయటినించి కన్నం వేస్తాడు.
నాకు కట్టించే ఇచ్చారు,
లోపల కుర్చీ, పైన ఫ్యాను.

ఒక్క చెయ్యి మాత్రం ఇంకా పోలేదు.
పదేళ్ళ పిల్లాడిదై ఉంటుంది.
గోళ్ళలో సైకిల్ గ్రీజు.
గుప్పిట విప్పితే నాలుగున్నర రూపాయలు,
నాణేలు వేడిగా ఉన్నాయి, ఎంతసేపు పట్టుకు నిలబడ్డాడో.
"హౌస్‌ఫుల్" అన్నాను.
సొరుగులో, నా మోకాలికి తగులుతూ, నలభై టికెట్లు.
ఆ చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు.
అరచెయ్యి పైకి పెట్టుకుని కాసేపు అక్కడే ఉంది,
నేను మాట మార్చుకుంటానేమోనని.
బయట పిళ్ళప్ప గొంతు:
నాలుగున్నర ఇరవై, నాలుగున్నర ఇరవై.

టాకీసు పడగొట్టారు. ఆ సంగతి వేరే.

మొన్న హేమావతి కొడుకు ఫోను చూపించాడు.
"తాతా, టికెట్టు తొమ్మిదొందల యాభై."
నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోపు వెయ్యీ యాభై.
దాని కింద చిన్నక్షరాల్లో సౌకర్య రుసుము.
ఎవరి సౌకర్యానికిరా?
"సీట్లు అయిపోతున్నాయి, తొందరగా చెప్పు తాతా."
ఆ గొంతు నేనెరుగుదును.
వేలికి రాగి చుట్టు లేదంతే.

మాగడి రోడ్డు మాల్‌లో పిళ్ళప్ప కనబడ్డాడు,
బండ్లకు చీటీలు చింపి ఇస్తూ.
లాఠీ పడిన ఎడమ మణికట్టు వంకరగానే అతుక్కుంది.
"ఉప్పార్‌పేట స్టేషన్లో నాలుగు రాత్రులు కూర్చోబెట్టినారప్పా నన్ను,
పదిహేనున్నర రూపాయల కోసం.
ఇప్పుడు లోపలే పెంచుతారు. పైగా రసీదు."
నవ్వబోయి దగ్గాడు.
బై టూ కాఫీ తాగాం. డబ్బులు వాడే ఇచ్చాడు.
ఎక్కడివని నేనడగలేదు. అలవాటు.

తర్వాత మెట్లెక్కి పైకి పోయాను, ఊరికే.
కన్నం లేదు. నిలువెత్తు అద్దం, లోపల వెలుతురు.
దాని ముందు ఇద్దరు కుర్రాళ్ళు,
జుట్టులో పుట్టీ పొడి, నోట్లో హిందూపురం యాస.
అద్దం వాళ్ళతో హౌస్‌ఫుల్ అనలేదు.
సీట్లున్నాయి, పచ్చగా, వరసలకు వరసలు.
వాళ్ళు రెండు రోజుల కూలిని వేళ్ళ మీద కూడి,
మళ్ళీ కూడి,
లిఫ్టు వాడొచ్చో లేదో తెలియక మెట్ల మీదుగా దిగిపోయారు.

నేను అద్దానికి అరచెయ్యి ఆనించాను,
అవతల ఎవరైనా కూర్చున్నారేమోనని.
చల్లగా ఉంది.
నేనేదో ఎంచుకున్నాననుకుని
చెల్లించండి, అంది.